బేస్ గిటార్‌ను ఎలా వినాలి? పాల్ మెకార్ట్‌నీ పనితనంపై ఒక పాఠం

కొన్నేళ్ల క్రితం ఒక కళాశాల వార్షికోత్సవంలో విద్యార్థుల సంగీత బృందం పాట పాడుతోంది. పాట మధ్యలో బేస్ గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపే వైరు ఊడిపోయింది. గాయని పాడుతూనే ఉంది. గిటార్, డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి. అయినా పాట ఒక్కసారిగా పలచబడిపోయింది. నా పక్కన కూర్చున్నవారు "మైకు పోయినట్టుంది" అన్నారు. మైకు బాగానే ఉంది. పోయిందేమిటో సభలో చాలామందికి అర్థం కాలేదు.

కార్యక్రమం ముగిశాక ఆ బేస్ వాయించిన అబ్బాయి నన్నొక ప్రశ్న అడిగాడు: "సార్, నేను వాయించేది ఎవరికీ విడిగా వినబడదు. మరి బాగా వాయించానో లేదో ఎవరు చెబుతారు?"

ఆ రోజు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ పాఠంలో చెప్పే ప్రయత్నం చేస్తాను. ఉదాహరణగా బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీని తీసుకుందాం. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో 1960లో రూపుదిద్దుకుని 1970లో విడిపోయిన బృందమది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అందులోని నలుగురు. పండిట్ రవిశంకర్ వద్ద సితార్ నేర్చుకున్న హారిసన్ పేరు మీరు వినే ఉంటారు. మెకార్ట్‌నీని గాయకుడిగా, పాటల రచయితగా లోకమంతా ఎరుగును. ఆయన చేతిలోని వాద్యం ఏం చేస్తోందో విన్నవారు మాత్రం తక్కువ.

మంద్రస్వరం ఎలా పుడుతుంది?

మామూలు గిటార్‌కు ఆరు తీగలు, బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు. గిటార్‌లో అన్నిటికంటే లావుపాటి తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటార్‌లో అలాంటి తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద. బేస్‌లోని నాలుగు తీగల పౌనఃపున్యాలు వరుసగా 41, 55, 73, 98 హెర్ట్జ్.

తీగ పౌనఃపున్యం మూడింటి మీద ఆధారపడుతుందని మీరు చదువుకున్నారు: పొడవు, తన్యత, రేఖీయ సాంద్రత. పౌనఃపున్యాన్ని సగం చేయాలంటే మనకు మూడు దారులున్నాయి. తీగ పొడవును రెట్టింపు చేయవచ్చు. గిటార్ తీగ సుమారు 65 సెం.మీ. ఉంటుంది. దాన్ని 130 సెం.మీ. చేస్తే భుజానికి తగిలించుకుని వాయించడం కష్టం. తన్యతను నాలుగో వంతుకు తగ్గించవచ్చు. అప్పుడు తీగ వదులై, స్వరం నిలవదు. మూడో దారి, తీగను బరువెక్కించడం. బేస్ తీగకు లోపల ఉక్కు తీగ ఉంటుంది, దాని చుట్టూ మరో తీగ చుట్టి ఉంటుంది. పొడవును కొంత పెంచి, బరువును బాగా పెంచి ఈ సమస్యను పరిష్కరించారు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చిన విద్యుత్ బేస్ గిటార్‌లో తీగ పొడవు సుమారు 86 సెం.మీ. అంతకు ముందు ఈ పని మనిషెత్తు ఉండే డబుల్ బేస్ చేసేది.

మరి అది ఎందుకు విడిగా వినబడదు?

కారణం కొంత మన చెవిలోనే ఉంది. మానవుని చెవి అన్ని పౌనఃపున్యాలను సమానంగా వినదు. బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ఈ విషయాన్ని కొలిచి చూపారు. 50 హెర్ట్జ్ ధ్వని చెవికి లీలగా వినబడాలన్నా, 1000 హెర్ట్జ్ ధ్వనికి కావలసిన దానికంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ తీవ్రత కావాలి. బేస్ వాయించేవారికి పెద్ద ఆంప్లిఫయర్, పెద్ద స్పీకర్ ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

రెండో కారణం మనం వినే సాధనం. అరచేతిలో పట్టే రేడియోలోనో, మొబైల్ ఫోన్‌లోనో ఉండే చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్ ధ్వనిని దాదాపు పలికించలేదు. అయినా అందులో బేస్ కొంత వినబడుతూనే ఉంటుంది. ఎలా?

మీటిన తీగ ఒక్క పౌనఃపున్యంతోనే కంపించదు. 41తో పాటు 82, 123, 164, 205 హెర్ట్జ్ వంటి అనుస్వరాలు కూడా పుడతాయి. చిన్న స్పీకర్ వీటిలో పైవాటిని పలికిస్తుంది. వాటి మధ్య తేడా ప్రతిసారీ 41 ఉండటాన్ని మెదడు పసిగట్టి, లేని 41 హెర్ట్జ్ స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. కింది స్వరాన్ని బట్టి పైవాటినన్నిటినీ ఒక కుటుంబంగా లెక్కగట్టడం మెదడుకు సహజం. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. మెకార్ట్‌నీ పనితనంలో అసలు రహస్యం దగ్గరకు వచ్చినప్పుడు ఇది మళ్ళీ పనికొస్తుంది.

ఎవరికీ అక్కరలేని వాద్యం

మెకార్ట్‌నీ 1942లో పుట్టారు. తండ్రి ట్రంపెట్, పియానో వాయించేవారు, సొంతంగా ఒక చిన్న జాజ్ బృందాన్ని నడిపారు. పాట వినబడుతుంటే అందులో కింది స్వరం ఏదో తండ్రి వేలుపెట్టి చూపినట్టు చెప్పేవారని మెకార్ట్‌నీ తరువాత గుర్తుచేసుకున్నారు. ఆయన బేస్‌ను కోరి ఎంచుకోలేదు. బృందంలో మొదట గిటార్ వాయించారు. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో కచేరీలు చేస్తున్నప్పుడు, అప్పటి బేస్ వాద్యకారుడు స్టువర్ట్ సట్‌క్లిఫ్ చిత్రకళ కోసం బృందాన్ని విడిచిపెట్టారు. ఆ బాధ్యత మిగిలిన వారెవరికీ ఇష్టం లేదు. అది మెకార్ట్‌నీ మీద పడింది.

హాంబర్గ్‌లోనే ఆయన సుమారు 30 పౌండ్లు పెట్టి వయొలిన్ ఆకారంలో ఉన్న హోఫ్నర్ బేస్ కొన్నారు. ఆయనది ఎడమచేతి వాటం. ఆ వాద్యం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కనుక తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదు. లోపల బోలుగా, తేలికగా ఉండటం వల్ల చెయ్యి దాని మీద చురుగ్గా కదిలేది. 1972లో లండన్‌లో దొంగతనానికి గురైన ఆ వాద్యం 50 ఏళ్లు దాటిన తరువాత తిరిగి ఆయన వద్దకు చేరింది. ఆ సంగతిని 2024లో ప్రకటించారు.

చేతిది ఒక లెక్క, గొంతుది ఒక లెక్క

బీటిల్స్ తొలి రికార్డు "లవ్ మీ డూ" 1962లో వచ్చింది. అందులో బేస్ చాలా సాదా. పాటకు ఆధారమైన స్వరాలను తాళం తప్పకుండా మీటడమే. తప్పు లేదు, గొప్పా లేదు. మరుసటి ఏడు వచ్చిన "ఆల్ మై లవింగ్" వినండి. అక్కడ బేస్ ప్రతి దెబ్బకూ ఒక స్వరం చొప్పున మెట్లు ఎక్కుతూ దిగుతూ నడుస్తుంది. జాజ్ సంగీతంలో దీన్ని నడిచే బేస్ అంటారు. అదే సమయంలో లెనన్ గిటార్ ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేసి వాయిస్తుంది. మన పరిభాషలో చెప్పాలంటే తిశ్ర నడక. ఈ రెండిటి పైన మెకార్ట్‌నీ గొంతు మూడో లెక్కలో సాగే బాణీ పాడుతుంది.

పాడేవారే గిటార్ వాయించడం సులువు. గొంతు, చెయ్యి తరచు ఒకే లయలో పోతాయి. బేస్ వాయిస్తూ పాడటం అలా కాదు. గొంతు ఒక వాక్యాన్ని సాగదీస్తుంటే వేళ్లు దానితో సంబంధం లేని మరో వరుసను ఆపకుండా నడపాలి. చేత్తో ఆదితాళం వేస్తూ నోటితో వేరే నడకలో కృతి పాడటం సాధన చేసినవారికి ఈ కష్టం తెలుస్తుంది. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజన్‌లో సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూసిన కార్యక్రమంలో బీటిల్స్ మొదట పాడిన పాట ఇదే. ఆ ఆనందంలో, అరుపుల్లో ఆ వేళ్ల పని ఎందరు గమనించి ఉంటారు?

కింది స్వరం మారితే పైస్వరాల అర్థం మారుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బడిలో హార్మోనియంగానీ కీబోర్డుగానీ ఉంటే ఈ ప్రయోగం చేయండి. ఇద్దరు కలిసి చేస్తే మంచిది.

ఒకరు స, అంతర గాంధారం, ప స్వరాలను కలిపి నొక్కి పట్టుకోండి. రెండోవారు కింది స్థాయిలో స నొక్కండి. ఇంటికి చేరినట్టు నిలకడగా వినబడుతుంది. ఇప్పుడు పైన చెయ్యి కదపకుండా, కింద స వదిలి దానికంటే దిగువనున్న చతుశ్రుతి ధైవతం నొక్కండి. పైన అవే మూడు స్వరాలు. అయినా మొత్తం మీద ఒక దిగులు కమ్ముకుంటుంది. మళ్ళీ కింద గాంధారం నొక్కి చూడండి. పాట ఆగడానికి ఒప్పుకోనట్టు, ఇంకా ఎటో వెళ్లాలన్నట్టు ఉంటుంది.

ఎందుకిలా? ఇందాకటి అనుస్వరాలను గుర్తు చేసుకోండి. కింది స 65 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుంటే, దాని నాలుగు, అయిదు, ఆరో అనుస్వరాలు సుమారు 262, 327, 392. పైన మీరు నొక్కిన స, గ, ప దాదాపు ఇవే. అందుకే ఆ మూడూ కింది స కుటుంబంలోనివిగా వినబడతాయి. కింది ధైవతం 55 హెర్ట్జ్. దాని అనుస్వరాలు 220, 275, 330 ఇలా సాగుతాయి. 330 గాంధారంతో కలుస్తుంది. 262 మాత్రం ఆ వరుసలో లేదు. దానికి దగ్గరగా ఉన్నది 275. ఒకటి కలిసి, ఒకటి కలవక, కొత్త రంగు పుడుతుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇందులో గ్రహభేదం జ్ఞాపకం రావచ్చు. మోహన రాగ స్వరాలనే ఉంచి, ధైవతాన్ని షడ్జంగా భావిస్తే శుద్ధ ధన్యాసి వస్తుంది. స్వరాలు మారలేదు, ఆధారం మారింది. మన కచేరీలో తంబురా శ్రుతి మొదటి నుంచి చివరి వరకూ కదలదు. పాశ్చాత్య సంగీతంలో ఆధారం క్షణక్షణం కదులుతుంది. దాన్ని కదిపే చెయ్యి బేస్ వాద్యకారునిది. గిటార్, పియానో, గొంతు ఏం పలికినా, దాన్ని శ్రోత ఎలా అర్థం చేసుకోవాలో ఆ చెయ్యి నిర్ణయిస్తుంది.

మెకార్ట్‌నీ ఈ అధికారాన్ని గుర్తించి, దాన్ని పొదుపుగా వాడారు. 1967 నాటి "లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్" చరణం ఒక మంచి ఉదాహరణ. మూడేసి దెబ్బల లయలో పైన ఆర్గాన్ సుడులు తిరుగుతూ ఉంటుంది. కింద బేస్ ఒక్కో మెట్టే దిగుతుంది. ఆధార స్వరాన్ని షడ్జం అనుకుంటే స, కైశికి ని, చతుశ్రుతి ధ, శుద్ధ ధ. నాలుగే స్వరాలు. వేగం లేదు, ప్రదర్శన లేదు. కానీ ఒక్కో మెట్టుకూ పైనున్న సుడుల రంగు మారుతుంది, నేల మెల్లగా కిందికి జారుతున్న భావన కలుగుతుంది. ఆ నాలుగు స్వరాలను మీటడం ఒక నెల నేర్చుకున్న విద్యార్థికీ సాధ్యమే. వాటిని ఎంచుకోవడంలో పనితనముంది.

అదే ఏడాది వచ్చిన "విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్"లో పద్ధతి వేరు. రింగో గొంతు పరిధిని దృష్టిలో పెట్టుకుని బాణీని చాలావరకు అయిదు స్వరాల్లోనే కట్టారు. పై బాణీ అంత ఇరుకుగా ఉన్నప్పుడు బేస్ కాస్త పైకి లేచి, పాట ఆగిన సందుల్లో బదులు చెబుతుంది. 1969లో హారిసన్ రచన "సమ్‌థింగ్"లో బేస్ దాదాపు రెండో గాయకుడే. "లవ్ మీ డూ" నుంచి ఇక్కడికి ఏడేళ్లు. ఈ రెండు పాటలనూ వరుసగా వింటే ఒక మనిషి ఎంత నేర్చుకున్నాడో తెలుస్తుంది.

సూది ఎగిరిపడే భయం

బేస్ బాగా వాయిస్తే చాలదు, అది రికార్డు మీదికి ఎక్కాలి. గ్రామఫోన్ రికార్డులో ధ్వని సన్నని గాడి రూపంలో ఉంటుంది. మంద్రధ్వనికి ఆ గాడి అటూ ఇటూ ఎక్కువ వెడల్పున ఊగుతుంది. మరీ ఎక్కువైతే సూది గాడి తప్పి ఎగిరిపడుతుంది. అందుకే రికార్డు కోసేటప్పుడు మంద్రధ్వనిని తగ్గించి, వినిపించేటప్పుడు ఆంప్లిఫయర్‌లో దాన్ని తిరిగి పెంచే ఏర్పాటు ఉండేది. ఆ పైన లండన్‌లోని స్టూడియోలో మంద్రధ్వని మోతాదు మీద కట్టుదిట్టమైన నియమాలుండేవి. అమెరికా రికార్డుల్లో బేస్ గట్టిగా వినబడుతుంటే తమవి ఎందుకు బలహీనంగా ఉన్నాయని బీటిల్స్ అడిగేవారు.

1966 ఏప్రిల్‌లో "పేపర్‌బ్యాక్ రైటర్", "రెయిన్" పాటలు రికార్డు చేస్తున్నప్పుడు ఆ స్టూడియో సాంకేతిక నిపుణులు ఒక ఉపాయం చేశారు. అప్పటికి ధ్వని ముద్రకుడు జెఫ్ ఎమెరిక్ వయసు 20 ఏళ్లు. బేస్ ఆంప్లిఫయర్ ముందు మైక్రోఫోన్‌కు బదులు ఒక పెద్ద లౌడ్‌స్పీకర్‌ను తిప్పి పెట్టి, దాన్నే మైక్రోఫోన్‌గా వాడారు.

ఇది ఎలా సాధ్యం? 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణను గుర్తు తెచ్చుకోండి. స్పీకర్‌లో తీగచుట్టకు విద్యుత్తు ఇస్తే, అయస్కాంత క్షేత్రంలో అది కదిలి కోన్‌ను ఊపుతుంది. అదే కోన్‌ను ధ్వనితో ఊపితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. డైనమిక్ మైక్రోఫోన్ పనిచేసేది ఈ సూత్రం మీదనే. పెద్ద కోన్ మంద్రధ్వనికి బాగా స్పందిస్తుంది. ఆ రెండు పాటల్లో బేస్ అంతకుముందు వారి రికార్డుల్లో ఎన్నడూ లేనంత స్పష్టంగా వినబడటానికి ఈ ఉపాయం తోడ్పడింది.

అప్పట్లో నాలుగు ట్రాకుల టేపు యంత్రమే ఉండేది. తొలినాళ్లలో బేస్, డ్రమ్స్ తరచు ఒకే ట్రాకు మీద ఉండేవి కనుక ఒకదాన్ని పెంచితే రెండోదీ పెరిగేది. 1967 నాటికి మెకార్ట్‌నీ చాలా పాటలకు మిగతావన్నీ పూర్తయ్యాక, చివరగా, విడి ట్రాకు మీద బేస్ వాయించసాగారు. పాట మొత్తం విన్నాక ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ మాట్లాడకూడదో ఆయనకు తెలిసేది.

పేరు అచ్చుకాని గురువు

ఈ నేర్పు ఆయనకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1963 నాటి "ఐ సా హర్ స్టాండింగ్ దేర్" బేస్ వరుసను చక్ బెర్రీ పాట నుంచి తీసుకున్నానని ఆయనే ఒప్పుకున్నారు. అన్నిటికంటే పెద్ద ప్రభావం అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ రికార్డులది. వాటిలో ఎన్నిటికో బేస్ వాయించినవారు జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడి, పాట కింద మరో పాట అల్లగలిగిన మనిషి. 1960ల మోటౌన్ రికార్డుల అట్టల మీద ఆ వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ "వాట్స్ గోయింగ్ ఆన్" మీద వారి పేర్లు అచ్చయ్యాయి. అప్పటిదాకా ప్రపంచమంతా ఆ బేస్‌ను విన్నది, ఎవరిదో తెలియకుండానే. మెకార్ట్‌నీ కూడా తాను ఎవరిని అభిమానిస్తున్నదీ చాలాకాలం పేరు తెలియకనే అభిమానించారు. జేమర్సన్ 1983లో మరణించారు. రాక్ సంగీత గౌరవ మందిరం ఆయన్ను స్మరించినది 2000లో.

మెకార్ట్‌నీ బేస్‌ను మెచ్చుకునేటప్పుడు ఈ మాట మరువకూడదు. ఆయన పాడేవారు, రాసేవారు, ముందు నిలబడేవారు కనుక ఎప్పటికైనా ఆయన వేళ్ల మీద మన చూపు పడింది. వెనక నిలబడ్డవారి మీద పడాలంటే మన చెవులకే శిక్షణ కావాలి.

మీరు చేసి చూడండి

ఒకటి: "ఆల్ మై లవింగ్"ను మొదట ఫోన్ స్పీకర్‌లో, తరువాత మంచి హెడ్‌ఫోన్లలో వినండి. రెండిటిలో తేడాను కాగితం మీద రాయండి.

రెండు: అదే పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి గాయకుని వెంట కూనిరాగం తీయండి. రెండోసారి గిటార్ లయను చేత్తో వేయండి. మూడోసారి బేస్ వెంట మాత్రమే కూనిరాగం తీయండి. మూడోది మొదట్లో సాధ్యం కాదు. నాలుగైదు రోజులకు వస్తుంది.

మూడు: మీకిష్టమైన తెలుగు సినిమా పాట ఒకటి తీసుకోండి. ఇళయరాజా బాణీలు ఇందుకు ప్రత్యేకంగా అనువైనవి. పల్లవిలో బేస్ ఎక్కడ నిలబడుతోంది, ఎక్కడ నడుస్తోంది, ఎక్కడ మౌనంగా ఉంది? ఎవరు వాయించారో తెలుసుకోగలరేమో ప్రయత్నించండి.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. బాగా వాయించావో లేదో ఎవరు చెబుతారు? ఇప్పుడైతే ఇలా చెబుతాను. నీ వాద్యాన్ని విడిగా కాక, నీ పైన పాడుతున్న అమ్మాయి గొంతును విను. నువ్వు ఎంచుకున్న స్వరం వల్ల ఆ గొంతు ఇంకా నిండుగా, ఇంకా అర్థవంతంగా వినబడితే నువ్వు బాగా వాయించినట్టే. ఆ రోజు వైరు ఊడినప్పుడు పాట పలచబడింది కదా, అంతకు ముందు దాన్ని చిక్కగా నిలిపింది నువ్వే. సభ ఆ సంగతి గుర్తించకపోవచ్చు. వినడం నేర్చుకున్నవారు ఒక్కరున్నా గుర్తిస్తారు. ఆ ఒక్కరు మీరు కావాలని ఈ పాఠం.